బిగుసుకున్న చేయి ఏమి చెబుతోంది?

దాదీకి వుజూ చేయించడానికి కోడలు ఆమె చేయి పట్టుకుని మెల్లగా చాపబోతుంది. చేయి రాదు. కొంచెం గట్టిగా లాగితే అంతకంటే గట్టిగా వెనక్కి బిగుసుకుంటుంది. "అమ్మీ, చేయి వదులుగా పెట్టండి" అని బ్రతిమాలితే బిగువు ఇంకా పెరుగుతుంది. రెండు నిమిషాల క్రితమే ఆమె అదే చేత్తో మనవడి తల నిమిరింది. "కావాలనే చేస్తున్నారు" అనే మాట కోడలి నోటి చివరి వరకు వస్తుంది. కొన్ని ఇళ్ళలో ఆ మాట బయటికే వచ్చేస్తుంది.

మరో ఇంట్లో మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చిన అబ్బా ఉంటారు. మోచేయి మడిచి, పిడికిలి బిగించి, చేయి గుండెకు ఆనించుకుని ఉంటారు. కొడుకులు రోజూ నూనె రాసి ఆ వేళ్ళను బలంగా లాగుతుంటారు. ఇంకొక ఇంట్లో అరవై ఏళ్ళు దాటిన చిన్నాన్న ఉంటారు. ఏడాదిగా భుజం పట్టేసిందని కట్లు కట్టించుకుంటున్నారు, మాత్రలు మింగుతున్నారు. నడిచేటప్పుడు ఆయన కుడిచేయి ఊగడం లేదన్న సంగతిని మాత్రం ఎవరూ గమనించలేదు.

మూడు ఇళ్ళలోనూ వినిపించే మాట ఒక్కటే: "చేయి బిగుసుకుపోయింది." అయితే ఈ మూడు బిగువులు ఒకటి కావు. వాటి మూలాలు వేరు, చికిత్స వేరు. ఇంట్లోవారు పట్టుకోవలసిన తీరు కూడా వేరు. ఒకదానికి మేలు చేసే మందు మరొకదానికి పనిచేయదు. అన్నింటినీ మించి, రోగి చేతిలో లేని దాన్ని మొండితనంగా భావించి మనం మాట తూలే ప్రమాదం ఉంది. అందుకే ఈ నెల ఈ తేడాల గురించి వివరంగా చెప్పుకుందాం.

కండరానికి సహజమైన బిగువు

ఆరోగ్యవంతుని కండరం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా పూర్తిగా వదులైపోదు. వీణ తీగలా కొద్దిపాటి బిగువుతో సిద్ధంగా ఉంటుంది. కండరం సాగగానే ఆ కబురు నరం ద్వారా వెన్నుపాముకు చేరుతుంది. వెన్నుపాము వెంటనే "ముడుచుకో" అని తిరుగు కబురు పంపుతుంది. మోకాలి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగిరేది ఈ ఏర్పాటు వల్లనే. ఈ ప్రతిచర్య హద్దు మీరకుండా మెదడు పైనుండి పగ్గాలు పట్టి నడిపిస్తుంటుంది. మెదడులోగానీ వెన్నుపాములోగానీ దెబ్బ తగిలిన చోటును బట్టి ఈ బిగువు రకరకాలుగా అదుపు తప్పుతుంది.

దీన్ని పరీక్షించే పద్ధతి చాలా సరళమైనది. రోగిని ప్రశాంతంగా పడుకోబెట్టి, ఆయన ఏ ప్రయత్నమూ చేయకుండా ఉండగా, డాక్టరు ఆయన చేతిని గానీ కాలిని గానీ తానే కదిలిస్తారు. మొదట నిదానంగా, తరువాత వేగంగా కదిలిస్తారు. ఆ కదలికకు ఎదురయ్యే నిరోధం ఎప్పుడు పెరుగుతోంది, ఏ దిశలో పెరుగుతోంది అన్నదానిలోనే తేడా అంతా దాగి ఉంటుంది.

వేగాన్ని ఎదిరించే బిగువు: స్పాస్టిసిటీ

పక్షవాతం తరువాత అబ్బా చేతిలో కనిపించేది ఇదే. మెదడు నుండి వెన్నుపాముకు దిగే నరాల దారి దెబ్బతిన్నప్పుడు పగ్గాలు తెగిపోతాయి. సాగిన ప్రతిసారీ కండరం అవసరానికి మించి ముడుచుకుంటుంది. దీని ముఖ్య గుర్తు వేగం. మోచేతిని చాలా నిదానంగా చాపితే పెద్దగా అడ్డు ఉండదు. అదే చేతిని గభాలున చాపితే మధ్యలో ఒకచోట పట్టేసినట్లు ఆగుతుంది. కాసేపు ఒత్తిడి ఉంచితే హఠాత్తుగా వదిలేస్తుంది. మడతచాకును తెరిచేటప్పుడు మొదట బిర్రుగా ఉండి, తరువాత చటుక్కున తెరుచుకుంటుంది కదా, అలాగే ఉండటంతో వైద్యులు దీనికి ఆ చాకు పేరే పెట్టుకున్నారు. 1980లో జేమ్స్ లాన్స్ అనే నరాల వైద్యుడు ఇచ్చిన నిర్వచనంలో కూడా ఈ వేగమే కీలకం. ఆ నిర్వచనాన్ని ఈనాటికీ వాడుతున్నారు.

ఈ బిగువు అన్ని కండరాలలో సమానంగా ఉండదు. చేతిలో మడిచే కండరాలు, కాలిలో చాచే కండరాలు ఎక్కువగా బిగుస్తాయి. అందుకే మోచేయి, మణికట్టు, వేళ్ళు ముడుచుకుంటాయి. కాలు కర్రలా చాచుకుని, పాదం కిందికి వంగి నేలను రాసుకుంటుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజులలో చేయి వాలిపోయి వదులుగా ఉండి, కొన్ని రోజులకు లేదా వారాలకు ఈ బిగువు మొదలవుతుంది. వెన్నుపాముకు గాయమైనవారిలోనూ, పుట్టుకతో మెదడు దెబ్బతిన్న పిల్లలలోనూ ఇది కనిపిస్తుంది. కొందరికి పాదాన్ని చటుక్కున పైకి నెట్టినప్పుడు అది టకటకా కొట్టుకుంటుంది. ఇంట్లోవారు దాన్ని మూర్ఛ అనుకుని భయపడతారు. అది మూర్ఛ కాదు, ఈ బిగువులోని భాగమే.

ఇలాంటి చేతిని బలంగా లాగడం ఎందుకు తప్పో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. ఎంత వేగంగా లాగితే అంతగా అది ఎదురు తిరుగుతుంది. నిదానంగా, నొప్పి కలగనంత మేర చాపి, అర నిమిషం పాటైనా అలాగే పట్టి ఉంచాలి. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలకు మూలం ఇదే. రోగిని లేపేటప్పుడు ఆ బలహీనమైన చేతిని పట్టి లాగకూడదు. అలా చేస్తే భుజం కీలు జారే ప్రమాదం ఉంది. కుర్తా తొడిగేటప్పుడు ముందుగా జబ్బు చేసిన చేతికి తొడగాలి. విప్పేటప్పుడు ముందు మంచి చేతి నుండి విప్పి, జబ్బు చేసిన చేతిని చివరికి వదలాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇన్నాళ్ళూ ఒక తీరుగా ఉన్న బిగువు ఒక్కసారిగా పెరిగితే దాని వెనుక మరో కారణం ఉందేమో చూడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పడక పుండు, చివరికి కాలివేలి గోరు మాంసంలోకి దిగడం వంటివి కూడా స్పాస్టిసిటీని పెంచుతాయి. నోరు విప్పి చెప్పలేని రోగి విషయంలో ఇది శరీరం చేసే ఫిర్యాదు అనుకోవాలి.

ఎటు కదిపినా ఒకేలా ఉండే బిగువు: రిజిడిటీ

చిన్నాన్న భుజానిది వేరే కథ. ఆయన చేతిని నిదానంగా కదిపినా, వేగంగా కదిపినా, మడిచినా, చాపినా నిరోధం మొదటి నుండి చివరి వరకు ఒకేలా ఉంటుంది. సీసపు గొట్టాన్ని వంచుతున్నట్లు ఉంటుంది. దానికి వణుకు కూడా తోడైతే, పళ్ళ చక్రం తిరిగినట్లు టక్ టక్ మని ఆగి ఆగి కదులుతుంది. ఇది మెదడు లోతులలో కదలికలను సవరించే కేంద్రాల లోపం. అక్కడ డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతే పార్కిన్సన్ వ్యాధి వస్తుంది. మన వాడుకలో దాన్ని వణుకుడు రోగం అంటాం.

ఆ పేరే కొంత మోసం చేస్తుంది. వణుకు లేకుండా బిగువుతోనూ, మందకొడితనంతోనూ ఈ వ్యాధి మొదలయ్యేవారు ఎందరో ఉన్నారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని మొదటిసారి వివరించినప్పుడు వణుకుకు, వంగిన నడకకు ప్రాధాన్యం ఇచ్చాడే తప్ప ఈ బిగువును గుర్తించలేదు. దశాబ్దాల తరువాత పారిస్ వైద్యుడు షార్కో ఆ లోటు పూరించి, వ్యాధికి పార్కిన్సన్ పేరు స్థిరపరిచాడు. అంతటి పరిశీలకుని కంటికే ఇది తప్పిపోయిందంటే, మన ఇళ్ళలో భుజం నొప్పిగా ఏళ్ళ తరబడి చలామణి కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇది సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. నడకలో ఒక చేయి ఊగకపోవడం, చేతిరాత రానురాను చిన్నదైపోవడం, బొత్తాలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టడం, ముఖంలో భావాలు తగ్గడం, సజ్దా నుండి లేవడానికి పక్కవారి ఆసరా కావలసి రావడం వంటివి గుర్తులు. ఒక్కొక్కటిగా చూస్తే వృద్ధాప్యం అనిపిస్తాయి. కలిపి చూస్తే నరాల డాక్టరు వద్దకు వెళ్ళవలసిన సమయం వచ్చిందని తెలుస్తుంది. బిగువు స్వల్పంగా ఉన్నప్పుడు డాక్టరు ఒక చేతిని కదుపుతూ, రెండవ చేతి పిడికిలిని తెరుస్తూ మూస్తూ ఉండమంటారు. అప్పుడు దాగి ఉన్న బిగువు స్పష్టంగా బయటపడుతుంది.

ఇక్కడ ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మందుల వల్ల కూడా అచ్చం ఇలాంటి బిగువే వస్తుంది. మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ వంటివి, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ ఈ కోవలోనివి. కళ్ళు తిరుగుతున్నాయని ఎప్పుడో వారం రోజులకు రాసిచ్చిన మాత్రను మందుల దుకాణంలో పాత చీటీ చూపి ఏళ్ళ తరబడి వాడుతున్న పెద్దలు మన మధ్య ఉన్నారు. కారణం గుర్తించి డాక్టరు ఆ మందు ఆపిస్తే వారాలు, నెలలలో చాలామంది కోలుకుంటారు. గుర్తించకపోతే లేని పార్కిన్సన్ వ్యాధికి మరో మందు మొదలవుతుంది.

బలాన్ని ఎదిరించే బిగువు: పారాటోనియా

ఇప్పుడు మళ్ళీ దాదీ వద్దకు వద్దాం. ఆమెకు కొంతకాలంగా మతిమరుపు వ్యాధి ఉంది. ఆమె చేతిలోని బిగువు వేగానికి మాత్రమే స్పందించేది కాదు, ఎల్లవేళలా ఒకేలా ఉండేదీ కాదు. ఎదుటివారు ఎంత బలం పెడితే అంత బలంతో ఎదురు నిలుస్తుంది. తనంతట తాను కదిలించినప్పుడు చేయి చక్కగా కదులుతుంది. ఇతరులు పట్టుకోగానే బిగుసుకుంటుంది. చూసేవారికి ఇది అక్షరాలా మొండితనంగానే కనిపిస్తుంది. కానీ కాదు. మెదడు ముందుభాగం క్షీణించినప్పుడు, స్పర్శ తగలగానే కండరం బిగుసుకోకుండా ఆపే శక్తి పోతుంది. అందుకే "వదులుగా పెట్టండి" అన్న మాట ఫలించదు. అలా వదలడమే ఆమెకు సాధ్యం కానిది. చిత్రమేమిటంటే, ఇదే వ్యాధిలో కొన్నిసార్లు దీనికి విరుద్ధంగా, మనం చేయి కదపబోతే రోగి తనకు తెలియకుండానే ఆ కదలికకు తోడు వెళ్తుంటారు. రెండూ ఒకే మనిషిలో కనిపించవచ్చు.

దీన్ని తగ్గించే ప్రత్యేకమైన మందు లేదు. ఇక్కడ సేవ చేసే తీరే ప్రధాన చికిత్స. వెనుక నుండి గాక ఎదురుగా వెళ్ళాలి. ఏమి చేయబోతున్నామో రెండు ముక్కలలో చెప్పాలి. చేతిని వేళ్ళతో గట్టిగా పట్టుకోకుండా అరచేతిని కింద ఆసరాగా ఉంచాలి. బిగువు ఎదురైతే లాగకుండా ఆగిపోవాలి, కాసేపటికి అది సడలిన తరువాత మళ్ళీ నిదానంగా కదపాలి. చలిలో, తొందరలో, గొంతు పెంచిన వేళ బిగువు పెరుగుతుంది. గోరువెచ్చని నీరు, ఆమెకు ఇష్టమైన పాత కబుర్లు, తెలిసిన గొంతు దాన్ని తగ్గిస్తాయి. పిడికిలి తెరవడానికి వేళ్ళను విరిచినట్లు లాగవద్దు. మణికట్టును మెల్లగా లోపలికి, అరచేతి వైపుకు వంచితే వేళ్ళు వాటంతట అవే కొంత వదులవుతాయి. అరచేతిని రోజూ కడిగి తుడిచి, గోళ్ళు కత్తిరించి, మెత్తని గుడ్డను చుట్టగా చేసి ఉంచితే పుండ్లు పడవు. ముందువైపు పూర్తిగా తెరుచుకునే వదులైన బట్టలు ఎంతో శ్రమ తగ్గిస్తాయి. వుజూ విషయంలో వ్యాధిగ్రస్తులకు ఉన్న సడలింపులను దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

మెలితిప్పే బిగువు: డిస్టోనియా

నాలుగవ రకం ఒకటుంది. ఇందులో కండరాలు వాటంతట అవే బిగిసి మెడనో, చేతినో, పాదాన్నో ఒక పక్కకు మెలితిప్పుతాయి. కొందరికి కలం పట్టినప్పుడు మాత్రమే వేళ్ళు మెలిపడతాయి, మిగతా పనులన్నీ చక్కగా చేస్తారు. మెడ తిరిగిపోయేవారు గడ్డాన్ని వేలితో తాకితే కొంతసేపు సర్దుకోవడం ఈ వ్యాధి విశేషం.

ముఖ్యంగా చెప్పవలసింది దీని హఠాత్ రూపం గురించి. వాంతులకు ఇంజెక్షన్ వేయించుకున్న యువతికి కొన్ని గంటలలో మెడ వెనక్కి విరుచుకుపోతుంది, కనుగుడ్లు పైకి తేలిపోతాయి, దవడ పట్టేస్తుంది. స్పృహ మాత్రం ఉంటుంది. చూసినవారు జిన్ను సోకిందంటారు, దిష్టి అంటారు, ఊదించడానికి పరుగెత్తుతారు. ఇది ఆ మందు వికటించడమే. ఆస్పత్రిలో తగిన ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా నిమిషాలలో తగ్గిపోతుంది. దుఆ చేయండి, దారిలో చేయండి. ఆస్పత్రికి వెళ్ళడం మాత్రం ఆలస్యం చేయవద్దు. ఏ మందు వల్ల ఇలా జరిగిందో రాసి ఉంచుకుని, ఇకమీదట ప్రతి డాక్టరుకూ ముందే చెప్పాలి.

బిగువులన్నీ నరాలవి కావు

ఎక్కువకాలం కదలని కండరం కురచబారిపోతుంది, కీలు గట్టిపడుతుంది. అప్పుడు ఎంత నిదానంగా చాపినా చేయి రాదు, నిద్రలో కూడా సడలదు. స్పాస్టిసిటీకి సకాలంలో శ్రద్ధ తీసుకోకపోతే చేరే మజిలీ ఇదే. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పల్లెలలో ఫ్లోరైడు నీటి వల్ల నడుము, మెడ కొయ్యబారినవారిని మనం చూశాం. అక్కడ ఎముకలు, వాటిని కట్టి ఉంచే తంతువులు గట్టిపడతాయి. అయితే ఆ పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కితే కాళ్ళలో నిజమైన స్పాస్టిసిటీ కూడా మొదలవుతుంది. ఒకే మనిషిలో రెండు రకాలు కలిసి ఉండవచ్చనడానికి ఇది మన కళ్ళ ముందున్న ఉదాహరణ. కనుక తుది నిర్ణయం పరీక్షించిన డాక్టరుదే.

చికిత్సలో తేడా

స్పాస్టిసిటీకి వ్యాయామాలతో పాటు బాక్లోఫెన్, టిజానిడిన్ వంటి మాత్రలు, కొన్ని కండరాలకే పరిమితమైతే బొటులినమ్ ఇంజెక్షన్లు వాడతారు. ఈ ఇంజెక్షన్ల ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. పార్కిన్సన్ వ్యాధిలోని బిగువుకు ప్రధానమైన మందు లెవోడోపా. పక్షవాతపు చేతికి లెవోడోపా ఇస్తే బిగువు సడలదు. పార్కిన్సన్ బిగువుకు బాక్లోఫెన్ జవాబు కాదు. పక్కింటివారికి పనిచేసిన మాత్ర మన ఇంట్లో వాడకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. దూలగొండి విత్తనాలలో లెవోడోపా సహజంగానే ఉంటుంది. కాబట్టి మాత్రలు వాడుతూ, డాక్టరుకు చెప్పకుండా ఆ పొడి కూడా తీసుకుంటే మోతాదు తెలియకుండా పెరుగుతుంది.

ఈ మందులను హఠాత్తుగా మానడం ప్రమాదకరం. బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, భ్రాంతులు రావచ్చు. లెవోడోపా ఆపితే తీవ్రమైన బిగువుతో పాటు జ్వరం కూడా రావచ్చు. ఈ మందును సాధారణంగా రోజుకు పలుమార్లు వేళ తప్పకుండా వేసుకోవాలి. మాంసం, పప్పు వంటి మాంసకృత్తుల ఆహారంతో కలిపి తీసుకుంటే కొందరిలో సరిగా ఒంటికి పట్టదు. కనుక రమజాన్‌లో సహరీకి, ఇఫ్తార్‌కు మాత్రలు సర్దేసుకుందామని సొంతంగా నిర్ణయించుకోవద్దు. నెల ముందుగానే డాక్టరుతో మాట్లాడండి. ఉపవాసం తగదని ఆయన చెబితే, రోగికి ధర్మంలో ఉన్న సడలింపును సంకోచం లేకుండా వినియోగించుకోండి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

జ్వరం, తలనొప్పితో మెడ బిగుసుకుంటే అది మెదడు పొరల వాపు కావచ్చు. గాయమైన కొన్నాళ్ళకు దవడ పట్టేసి నోరు తెరుచుకోకపోతే ధనుర్వాతాన్ని అనుమానించాలి. మానసిక వ్యాధికి మందులు వాడేవారికి ఒళ్ళంతా కొయ్యబారి, తీవ్రమైన జ్వరం, అయోమయం కలిగితే ప్రాణాపాయం. ఈ మూడింటిలోనూ తెల్లవారే దాకా వేచి ఉండకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

మిగతా సందర్భాలలో డాక్టరు వద్దకు వెళ్ళే ముందు కొన్ని విషయాలు కాగితం మీద రాసుకోండి. బిగువు ఎప్పుడు మొదలైంది, ఒక పక్కనా రెండు పక్కలా? నిదానంగా కదిపితే తగ్గుతోందా? నిద్రలో సడలుతోందా? తనంతట తాను కదిపినప్పుడు, ఇతరులు కదిపినప్పుడు తేడా ఉందా? ఇంట్లో వాడుతున్న మాత్రలన్నింటినీ, తల తిరుగుడు మాత్రలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. ఈ చిన్న కాగితం, ఆ సంచి డాక్టరు పనిని సగం తేలిక చేస్తాయి.

దాదీ చేయి రేపు కూడా బిగుసుకుంటుంది. ఆ బిగువును మనం పూర్తిగా తొలగించలేకపోవచ్చు. కానీ లాగడం మాని, ఆమె చేయి కింద మన అరచేయి ఉంచి, అది తనంతట తాను సడలే వరకు ఆగగలం. "కావాలనే చేస్తున్నారు" అని ఇదివరకు ఎప్పుడైనా నోరు జారి ఉంటే, ఆ ఆగిన క్షణంలోనే క్షమాపణ కూడా అడుగుదాం. ఆమెకు మాటలు అర్థం కాకపోయినా గొంతులోని మెత్తదనం తెలుస్తుంది.